ఐదో బోరు, బుద్ధుడి మాట

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుత్తి పక్కన ఆరెకరాలు. నాలుగు బోర్లు వేశారు. మూడు వట్టిపోయాయి, నాలుగోది ఈ ఎండాకాలంలో గంటసేపు కూడా పోయడం లేదు. ఐదోది వేయాల్సిందేనని మీ నాయన, వద్దే వద్దని బెంగళూరులో ఉన్న మీ తమ్ముడు. ఆ గొడవలో అన్నదమ్ములకు మాటలు కూడా పోయాయి. బిడ్డను ఇంజనీరింగులో చేర్చాలి. ఇంతలో ఎవరో ఇచ్చిన చిన్న పుస్తకంలో "కోరికే దుఃఖానికి మూలం" అని చదివావు. "కోరిక లేకుండా సంసారం ఎట్ల చేసేది సార్? ఆయప్ప రాజుకొడుకు కాబట్టి చెప్పినాడు. అప్పులోళ్లు వాకిట్లో కూసుంటే ఏం చెప్పేటోడో!" అని అడిగావు.

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఏం చెప్పేవాడో ఊహించుకోనక్కర్లేదు, బుద్ధుడు చెప్పే ఉన్నాడు.

బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఇణ సుత్తం అని ఒకటుంది. సుత్తం అంటే ఒక ఉపదేశం. ఇణ అంటే పాళీలో రుణం. సంసారి మనిషికి దరిద్రం దుఃఖం అంటాడు బుద్ధుడు అందులో. దరిద్రుడు అప్పు చేస్తాడు, అప్పు దుఃఖం. వడ్డీకి ఒప్పుకుంటాడు, వడ్డీ దుఃఖం. గడువుకు కట్టలేకపోతే వచ్చి అడుగుతారు, అడిగించుకోవడం దుఃఖం. అప్పటికీ కట్టకపోతే వెంటపడతారు, అదీ దుఃఖం. ఆఖరుకు పట్టి బంధిస్తారు, అదీ దుఃఖం. ముప్పై ఏళ్లు అనంతపురం జిల్లా పల్లెల్లో బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుగా తిరిగినవాణ్ణి నేను. మొదటిసారి ఈ వరుస చదివినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. మా రికవరీ పద్ధతి కూడా అచ్చం ఇదే వరుస. ఆ తర్వాత బుద్ధుడు దీన్ని ఉపమానంగా మలచి, శ్రద్ధా సిగ్గూ లేని మనిషి ఎట్లా రుణగ్రస్తుడో చెప్పుకుపోతాడు. ఆ సంగతి వేరు. అప్పుల బాధ ఎట్లాంటిదో తెలియనివాడికి ఆ ఉపమానం తట్టదు. మరోచోట అనాథపిండికుడనే వర్తకుడితో, సంసారికి నాలుగు సుఖాలున్నాయంటాడు: న్యాయంగా సంపాదించింది ఉందన్న సుఖం, దాన్ని అనుభవించే సుఖం, ఎవరికీ కొంచెమైనా ఎక్కువైనా బాకీ లేనన్న సుఖం, ఎవరూ వేలెత్తి చూపలేరన్న సుఖం. బాకీ లేకపోవడాన్ని ఒక సుఖంగా లెక్కపెట్టిన మనిషికి అప్పు సంగతి తెలియదని ఎట్లా అంటాం?

ఇక ఆ "కోరిక" అన్న మాట. ఆ పుస్తకం రాసినాయన్ను తప్పుపట్టను గానీ, తెలుగులో ఆ మాట చాలా నష్టం చేసింది. బుద్ధుడన్నది తణ్హ. సంస్కృతంలో తృష్ణ. దాని సొంత అర్థం దప్పిక. నీళ్లు తాగాలనుకోవడం ఒకటి, దప్పికతో నాలుక పిడచకట్టుకుపోయి ఉప్పునీళ్లయినా తాగేయడం ఒకటి. మన సీమలో పుట్టినవాళ్లకు ఈ తేడా ఒకరు చెప్పాలా? మంచి కోరికకు పాళీలో వేరే మాట ఉంది, ఛందం. ఆయన చెప్పిన ఎనిమిది అంగాల దారి, అష్టాంగ మార్గంలోని సమ్యక్ వ్యాయామాన్ని, అంటే సరైన ప్రయత్నాన్ని, వివరించేచోట భిక్షువు "ఛందం జనేతి" అని ఉంటుంది, అంటే ఛందాన్ని పుట్టించుకుంటాడు అని. కోరికలన్నీ చంపుకోమన్నవాడు మార్గం మధ్యలో కోరిక పుట్టించుకోమని చెప్పడు కదా. నీ బిడ్డ చదవాలన్నది ఛందం. దాన్నేమీ మానొద్దు. అయితే ఆ చదువు ఊళ్లో ఫలానావాళ్ల అబ్బాయి చేరిన కాలేజీలోనే సాగాలని రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకుంటే, అప్పుడది దప్పిక.

నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది, చాలామంది దాటేసి పోయేది. సారనాథ్‌లో ఐదుగురికి చెప్పిన మొదటి ఉపదేశంలో బుద్ధుడు నాలుగు సత్యాలు చెప్పి ఊరుకోలేదు, ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. దానికి మూలమైన తృష్ణను వదలాలి. తృష్ణ ఆగిపోవడాన్ని కళ్లారా చూసుకోవాలి. మార్గాన్ని సాధన చేయాలి. చూడు, వదలమన్నది దుఃఖాన్ని కాదు. మనం చేసేది దీనికి తలకిందులు. దుఃఖాన్ని వదిలించుకోవాలని పరుగెత్తుతాం. తృష్ణ గురించి మాత్రం పుస్తకాలు చదివి తెలుసుకుంటూ కూర్చుంటాం.

దుఃఖాన్ని తెలుసుకోవడమంటే ఏమిటో నాకు ఒక రైతు నేర్పాడు. అప్పట్లో నేను కళ్యాణదుర్గం వైపు బ్రాంచిలో ఉన్నాను. ఆయన క్రాప్ లోన్ రెన్యూవల్‌కి వచ్చి, మూడు రోజులుగా కంటికి కునుకు లేదన్నాడు. "మొత్తం ఎంతుంటుంది పెద్దాయనా?" అంటే, "ఉంటాది సార్, శానా ఉంటాది" అన్నాడు. ఎంతో తెలియదు. చొక్కా లోపలి జేబులోంచి ఎరువుల కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ కవరు తీశాడు. దాన్నిండా మడతలు పడి చెమటకు అంటుకుపోయిన చీటీలు. మధ్యాహ్నం జనం తగ్గాక ఇద్దరం కూర్చుని వాటిని ఒక్కొక్కటే విప్పి, పాత లెడ్జరు కాగితం వెనకాల రాశాం. ఎరువుల కొట్టు, రెండు రూపాయల వడ్డీవి రెండు ప్రోనోట్లు, వియ్యంకుడి చేబదులు, కుదువపెట్టిన కమ్మలు, మా బ్యాంకుది. కూడితే ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువే తేలింది. నేను భయపడ్డాను, అనవసరంగా కదిపానేమోనని. ఆయన ఆ కాగితాన్ని కాసేపు చూసి, "ఇంతేనా సార్" అన్నాడు. వారం తర్వాత వచ్చి, ఆ రాత్రి నిద్రపట్టిందని చెప్పాడు.

అప్పు ఒక్క పైసా తగ్గలేదు. అప్పటిదాకా దానికి అంచు లేదు, ఆ రోజు అంచు కనబడింది. బుద్ధుడు చెప్పిన మొదటి పని ఇదేనని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. ఆయన కూడా దుఃఖం అని గాలిలో ఒక మాట వదల్లేదు, చీటీలు విప్పినట్టు విప్పాడు. పుట్టడం, ముసలితనం, చావు, నచ్చనివాళ్లతో ఉండాల్సిరావడం, నచ్చినవాళ్లకు దూరం కావడం, కోరింది దొరక్కపోవడం. నీ ఉత్తరంలో వీటిలో మూడున్నాయి: నీళ్లు పడలేదు, తమ్ముడు దూరమయ్యాడు, నాయనకు వయసవుతోంది. ఈ మూడూ కలిసి ఒక్క ముద్దయిపోయి "బోరు" అన్న పేరుతో నీ గుండె మీద కూర్చున్నాయి. ఐదో బోరులో నీళ్లు పడ్డా రెండోదీ మూడోదీ తీరవు.

ఇంకో సూక్ష్మం ఉంది. బుద్ధుడు దుఃఖాన్ని మూడు రకాలన్నాడు. నొప్పి రూపంలో నేరుగా వచ్చేది ఒకటి. సుఖం మారిపోవడంలో ఉన్నది రెండోది, దాన్ని విపరిణామ దుఃఖం అంటారు. మూడోది సంఖార దుఃఖం, అది లోతైన విషయం, ఇప్పుడొద్దు. రెండోదాని గురించి మా ఇంటి సంగతి చెబుతాను. మా నాయన మూడో బోరులో రెండున్నర అంగుళాల నీళ్లు పడ్డాయి. రిగ్గు గొట్టంలోంచి అప్పటిదాకా తెల్లగా లేస్తున్న రాతి దుమ్ము ఒక్కసారిగా బురదై, ఆ వెనకే నీళ్లు ఎగజిమ్మాయి. అమ్మ పసుపు కుంకుమ చల్లింది, టెంకాయ కొట్టాము, ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆ రాత్రి నుంచే మా నాయనకు కొత్త రోగం పట్టుకుంది. పడుకున్నా చెవి మోటరు మీదే. శబ్దం కాస్త మారితే చాలు, "గాలి పట్టిందేమో చూడు" అని నన్ను టార్చిలైటు ఇచ్చి పంపేవాడు. నీళ్లు లేనప్పుడు పడని భయం నీళ్లు పడ్డాక పట్టుకుంది. ఆ బోరు ఎండేదాకా ఆయన ఒక్క రాత్రి కూడా నిశ్చింతగా పడుకోలేదు. ఎండాక మాత్రం, నిజం చెప్తున్నా, బాగా నిద్రపోయాడు.

రెండు బాణాల సుత్తం నువ్వు వినే ఉంటావు. సంయుత్త నికాయమనే మరో సంకలనంలోది. ఒక బాణం ఒంటికి తగులుతుంది, దాన్ని తలచుకుని కుమిలిపోయే మనిషి రెండోది తనే పొడుచుకుంటాడు. దీన్ని అందరూ చెబుతారు గానీ అదే సుత్తంలో తర్వాతి మాట ఎవరూ చెప్పరు. బాధ తగిలినప్పుడు మామూలు మనిషి ఇంద్రియ సుఖాల వెంట పరుగెత్తుతాడు, ఎందుకంటే బాధ నుంచి బయటపడడానికి అతనికి వేరే దారి తెలియదు అని ఉంటుంది. సాయంత్రం వైన్ షాపు ముందర నిలబడినవాళ్లను చూసి ఛీకొట్టే ముందు నాకు ఈ మాట గుర్తొస్తుంది. రాత్రి ఒంటిగంటదాకా ఫోనులో వీడియోలు తోసుకుంటూ పోయే నా అలవాటును చూసుకున్నా గుర్తొస్తుంది.

మొదటి బాణం ఏది, రెండోది ఏది? నీ విషయంలో నీళ్లు లేకపోవడం మొదటిది. "నలుగురిలో తలెత్తుకోలేను", "తమ్ముడు బెంగళూరు పోయి బాగుపడ్డాడు, నేను మట్టిలో ఉండిపోయా" అన్నవి రెండోవి. నువ్వు నాకు రాసిన ఇరవై వాక్యాల్లో నీళ్ల గురించి మూడే ఉన్నాయి. తప్పుగా అనుకోకు, లెక్కలు చూసే అలవాటు నాది.

తృష్ణ సంగతికొస్తే, మీ పక్క ఊళ్లలోనే ఏటా కనబడేది చెబుతా. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. కూలిపని మానుకుని, సద్దిమూటలతో వచ్చి, చెట్ల కింద పడుకుని వెతికేవాళ్లున్నారు. ఎప్పుడో ఎవరికో దొరుకుతుంది కూడా. ఎవరికీ ఎన్నడూ దొరక్కపోతే ఆ చేలల్లో ఎవరూ ఉండరు. దొరికిన ఆ ఒక్కడే వేయిమందిని వంచి నిలబెడుతున్నాడు. మన బోర్లూ అంతే. మనది గట్టి రాతి నేల. పైన కాస్త మెత్తబడిన పొర, కింద బండ. నీళ్లుండేది బండ పగుళ్లలోనే. పగులు తగిలితే పడినట్టు, పది అడుగులు పక్కకు పోతే దుమ్మే. అరచేతిలో టెంకాయ నిలబెట్టి పాయింటు పెట్టిన ఆయన మాట నాలుగుసార్లు తప్పినా, పక్క చేన్లో ఒకసారి నిజమైంది కాబట్టి ఐదోసారీ పిలుస్తాం. "ఇంకొక్కటి" అన్న మాట వినబడిన ప్రతిచోటా తృష్ణ ఉందని గుర్తు పెట్టుకో. నా అనుభవంలో దాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన ఆనవాలు లేదు.

తృష్ణలో మూడు రకాలు చెప్పాడు బుద్ధుడు. ఇంద్రియ సుఖాల దప్పిక, ఇట్లా ఉండాలి అట్లా కావాలి అన్న దప్పిక, మూడోది విభవ తృష్ణ, అంటే ఏదీ వద్దు, లేకుండా పోవాలి అన్న దప్పిక. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీ ఉత్తరం చివర "అన్నీ వదిలేసి పోవాలనిపిస్తాది" అని ఒక ముక్క ఉంది. అది వైరాగ్యం అనుకుంటావేమో. కాదు, బుద్ధుడి లెక్కలో అదీ దప్పికే, తీర్చుకోవాల్సింది కాదు, చూసి వదలాల్సింది. మన జిల్లాల్లో ఆ ఆలోచన ఎక్కడిదాకా తీసుకుపోతుందో నేను చాలా ఇళ్ల వాకిళ్లలో చూశాను. ఆ ముక్క ఒక్కసారి వచ్చి పోయేదైతే సరే. రోజూ వస్తుంటే మాత్రం 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పురుగుమందుల డబ్బాలు ఇంట్లో కాకుండా పొలం దగ్గర గదిలో పెట్టి, తాళం మీ ఆవిడ చేతికివ్వు. ధ్యానం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

"మా కర్మ ఇట్ల కాలింది" అని కూడా రాశావు. ఇక్కడ బుద్ధుడు నీతో ఒప్పుకోడు. సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనంటారు, నిజమా అని అడిగాడు. కొన్ని బాధలు పిత్తం వల్ల, కొన్ని శ్లేష్మం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని మూడూ కలిసి, కొన్ని రుతువు మారడం వల్ల, కొన్ని అజాగ్రత్త వల్ల, కొన్ని పైనుంచి వచ్చిపడే దెబ్బల వల్ల, కొన్ని కర్మఫలంగా వస్తాయి, అన్నింటినీ కర్మకు కట్టేయడం తప్పు అన్నాడు. రుతువు అన్న మాట గమనించు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఆ పడేదీ వరస తప్పి పడుతుంది. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోయి వస్తుంది. ఇందులో నువ్వు పోయిన జన్మలో చేసిన పాపమేమీ లేదు. నీ ఆరెకరాల మీద వాన పడకపోవడానికి కారణం ఆకాశంలో ఉంది, బోర్లు వట్టిపోవడానికి కారణం ఏళ్ల తరబడి అందరం కలిసి తోడేయడంలో కూడా ఉంది.

మూడో సత్యం, నిరోధం, అంటే తృష్ణ ఆగిపోవడం గురించి పెద్దపెద్ద మాటలు నాకు చేతకావు. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి పోయొచ్చాను, రోజూ పొద్దున ఒక గంట కూర్చుంటాను, మహానుభావుణ్ణేమీ కాలేదు. చిన్న స్థాయిలో చూసింది మాత్రం చెప్పగలను. వడ్డీ ఆయన ఫోన్ మోగుతుంది. పేరు కనబడగానే కడుపులో ఏదో మెలితిప్పినట్టవుతుంది, అరచేతులు చల్లబడతాయి. దాన్ని వేదన అంటారు. ఆ వేదన నుంచి తృష్ణ పుడుతుందని బుద్ధుడు కార్యకారణాల గొలుసులో చెప్పాడు. ఫోన్ ఎత్తి అబద్ధమాడడమో, కట్ చేసి పెళ్లాం మీద అరవడమో ఆ తర్వాత వచ్చేవి. మెలితిప్పిన దగ్గరే మూడు ఊపిర్లు ఆగి, "ఇది కడుపులో, ఇక్కడ, ఇంత" అని చూస్తే, అది కాసేపటికి తనంతట తనే సడలుతుంది. అప్పుడు ఫోన్ ఎత్తి "అన్నా, ఈ నెల వడ్డీ కట్టలేను, పదిహేనో తారీఖు మీ ఇంటికొస్తా" అని చెప్పగలవు. చెప్పి, ఆ రోజు పోవాలి. ఇది నిర్వాణం కాదులే. కానీ గొలుసులో ఒక లంకె తెగితే ఎట్లా ఉంటుందో తెలుస్తుంది.

మార్గంలోని ఎనిమిదింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను, ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. నీకు ఇప్పుడు కావాల్సినవి రెండే. ఒకటి డబ్బు, ఒకటి మాట.

డబ్బు గురించి: దీఘజాణు అనే కోలియ తెగవాడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, "మేము పెళ్లాంబిడ్డలతో కాపురం చేసేవాళ్లం, చందనం పూసుకునేవాళ్లం, డబ్బు ముట్టేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి" అన్నాడు. దాదాపు నీ ప్రశ్నే. కష్టపడు, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో తిరుగు, రాబడీ పోబడీ తెలుసుకుని సమంగా బతుకు అని చెప్పాడు. తక్కువ రాబడితో దర్జాగా బతికేవాణ్ణి మేడిపళ్లు తినేవాడితో పోల్చాడు. నాలుగు పళ్ల కోసం చెట్టంతా కుదిపి మిగతావన్నీ నేలపాలు చేస్తాడట. రాబడి బాగా ఉండీ కడుపు మాడ్చుకునేవాణ్ణి కూడా వదిలిపెట్టలేదు. సిగాలుడనే యువకుడికి చెప్పినచోట ఇంకా స్పష్టంగా, సంపాదనను నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవించు, రెండు పనిలో పెట్టు, నాలుగోది ఆపద కోసం దాచు అన్నాడు. పని కోసం పెట్టేది సగమే. ఉన్నదంతా, లేనిది కూడా తెచ్చి, ఒక్క గుంతలో పోయమని ఎక్కడా లేదు.

ఇక మాట. తమ్ముడికి ఫోన్ చెయ్. బోరు గురించి మాట్లాడొద్దు. సమ్యక్ వాక్కు అంటే నిజం చెప్పడం ఒక్కటే కాదు, సమయం చూసి, పనికొచ్చేది, మెత్తగా చెప్పడం. "నాయన మోకాళ్లు నొస్తున్నాయంటున్నాడు, దసరాకి రా" అను చాలు. అతను వద్దన్నది నీ మీద కోపంతో కాదేమో, ఇంకో అప్పు తన నెత్తిన పడుతుందన్న భయంతో ఏమో. అతనికీ ఒక బాణం తగిలే ఉంటుంది.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి రాళ్లు చూశావా? మీకు కూతవేటు దూరం. అశోకుడి శాసనాలు పెద్దవీ చిన్నవీ రెండూ ఒకేచోట ఉన్నాయక్కడ. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడే దాకా మన మేకలే వాటి మీద ఎక్కి తిరిగేవి. పదమూడో శాసనంలో కళింగ యుద్ధం గురించి ఉంటుంది: లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారు, లక్షమంది చంపబడ్డారు, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారు. చక్రవర్తి తాను కలిగించిన దుఃఖాన్ని అంకెల్లో లెక్కగట్టి, అది తనకు ఎంత భారంగా ఉందో ఊరూరా రాతి మీద చెక్కించాడు. చీటీల కవరు విప్పడమే అది కూడా. చిన్న శాసనం నాకు ఇంకా ఇష్టం. తాను ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్లు దాటిందనీ, అందులో ఒక ఏడాది గట్టిగా ప్రయత్నం చేయలేదనీ ఒప్పుకుంటాడు. గొప్పవాళ్లకే కాదు, చిన్నవాళ్లు పట్టుబట్టినా ఈ ప్రయత్నానికి ఫలం దొరుకుతుందని కూడా అంటాడు. రోజూ కూర్చోలేకపోతున్నానని సిగ్గుపడేవాళ్లకు నేను ఈ రాయినే చూపిస్తాను.

నువ్వు సూటిగా అడిగావు కాబట్టి సూటిగా నా మాట: ఈ ఏడు బోరు వేయొద్దు. అప్పు తెచ్చి అసలే వద్దు. భూగర్భ జలశాఖ వాళ్లతో సర్వే చేయించు, నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఎట్లాగూ అనుమతి తీసుకోవాల్సిందే. నాలుగో బోరు నీళ్లతో ఎన్ని సెంట్లు డ్రిప్పు కింద తడుస్తాయో కొలిచి అంతవరకే పెట్టు. మిగతాదాంట్లో కందో కొర్రో చల్లు. చెనిక్కాయే వేయాలని మీ నాయన పట్టుబడతాడు, తెలుసు. ఆయనతో వాదించకు, ఒకెకరా ఆయనకు వదిలెయ్. ఆయనకు పంట కంటే చేనికి పోయే కారణం కావాలి.

వీటన్నింటికంటే ముందు ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తెచ్చి చీటీలన్నీ రాయి. రాసేటప్పుడు మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకో. రెండు మూడు నీకు తెలియనివి ఆమె దగ్గర ఉంటాయి, కోప్పడకుండా అవీ రాసుకో.